చెయ్యి ఆడితేనే నడిచే వాచీ

భర్త చెయ్యి కదలక నెల దాటింది. మర్నాడు పొద్దున్నే ఊపిరి మిషను ఆపెయ్యడానికి ఆవిడ ఒప్పుకుంది. ఏడుపు కూడా రాలేదు.

ఆ రాత్రి ఆయన వాచీ విప్పబోతే, అది టిక్కుటిక్కుమంటోంది.

"మంచి సెల్లు వేయించారమ్మా," అంది నర్సు.

"దీనికి సెల్లుండదు తల్లీ. చెయ్యి ఆడితేనే నడుస్తుంది. నా సెల్లు వాచీని తేరగా బతికేదని వెక్కిరించేవారు. రెండు రోజులు కదలకపోతే ఇది ఆగిపోవాలి. మీరెవరైనా కదిపారా?"

"సూదులున్న చెయ్యి కదా, చెక్కకి కట్టేశాం. ఎవరమూ కదపలేదు," అని నర్సు లైటు తగ్గించి వెళ్లిపోయింది.

ఆవిడ ఆ చేతినే చూస్తూ కూర్చుంది. వేలైనా కదల్లేదు. చాలాసేపటికి వాచీ చప్పుడు ఆగింది. ఇక చాలనుకుని కళ్లు మూసుకుంది.

టిక్కుటిక్కు మళ్లీ మొదలైంది.

తెల్లారేదాకా ఆవిడ కళ్లు తెరవలేదు.