పది దాటాలి

"పొద్దున ఏం తిన్నావు?"

"టీ తాగానక్కా."

"నేనడిగింది తిన్నదేమిటని."

స్టూలు మీది పిల్ల నేలచూపులు చూసింది. ఆరో నెల. పొట్ట తప్ప ఒంట్లో కండన్నదే లేదు. రక్తంలో హిమోగ్లోబిన్ పది దాటకపోతే కొండ కింది ఈ చిన్న ఆసుపత్రి గదిలో కాన్పు కుదరదు, పట్నం పెద్దాసుపత్రికి పోవాల్సిందే. ఆ పిల్లకేమో ఇక్కడే, అక్క పక్కనుండగానే కనాలని పంతం.

అక్క సంగతి చెప్పాలి. 'మీరు' అనే మాటకు ఆమె నోరు తిరగదు. ఎంతటివాళ్లొచ్చినా నువ్వే. సూది గుచ్చితే చీమ కుట్టినట్టయినా ఉండదు గానీ, తిట్టడం మొదలుపెడితే మాత్రం పారిపోవాలనిపిస్తుంది.

"మాత్రలు మింగుతున్నావా?"

"ఆఁ."

"అట్ట చూపించు."

సంచిలోంచి అట్ట బయటికొచ్చింది. నాలుగు మాత్రలు ఎక్కువ మిగిలాయి.

"వికారంగా ఉంటోందక్కా. పైగా పొద్దున్నే అత్తగారికి ఉప్పులేని కూర, మామగారికి మెత్తటి అన్నం, ఆయనకి క్యారేజీ. అన్నీ అయ్యేసరికి..."

"గిన్నె అడుగున మిగిలింది నీకు. అంతేగా? ఈ సాకులన్నీ నేనూ చెప్పినవే. తాతకు దగ్గులు నేర్పకు. మీ ఆయనకి చేతుల్లేవా?"

"ఉన్నాయక్కా."

"రేపట్నుంచి వాటికి పని చెప్పు."

బయట బెంచీ మీద గూడెం ఆడవాళ్లు కొంగులడ్డం పెట్టుకుని నవ్వారు. పొద్దున్నే కొండ దిగి వచ్చి వంతు కోసం కూర్చున్నవాళ్లు. ఈ చీవాట్లు వాళ్లలో ప్రతి ఒక్కరూ ఏదో ఒకరోజు తిన్నవే.

అక్క ఆ పిల్ల వేలు పట్టుకుని గుచ్చింది. చుక్క తీసి మిషన్లో పెట్టింది. అంకె పడేదాకా దాని మీంచి చూపు తిప్పలేదు. పోయిన నెల తొమ్మిది దగ్గరే ఆగింది మరి.

"ఎంతక్కా?"

అక్క అంకె మీదికి వంగింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది.

"పది పాయింట్ రెండు."

ఆ పిల్ల ఏడ్చేసింది. అక్కకీ ముక్కు ఎగబీల్చక తప్పలేదు.

"ఏడుపుతో రక్తం పట్టదు. పదకొండు వచ్చేదాకా నిన్ను వదలను. ఇదిగో, నా కళ్లముందే తిను."

తన మూట విప్పి రెండు ఉడికిన గుడ్లు చేతిలో పెట్టింది. మూటలో ఉన్నవే ఆ రెండు. ఆ పిల్ల మారుమాట్లాడకుండా తినేసింది.

తిని, మూతి తుడుచుకుని, తలుపు వెనక తగిలించిన తెల్లకోటు తొడుక్కుని, స్టెతస్కోపు మెడలో వేసుకుని డాక్టరు కుర్చీలో కూర్చున్న ఆ పిల్ల, ఈ సూది పని ఒకప్పుడు తనే నేర్పిన, ఇప్పుడు వంతు కోసం బయటికెళ్లి బెంచీ మీద గూడెం వాళ్ల మధ్య సర్దుకుంటున్న అక్కనే మొదట లోపలికి పిలిచి, "పొద్దున ఏం తిన్నావు?" అని అడిగింది.