పన్నెండో అధ్యాయం

ఆఫీసు గేటు దగ్గర నతానియేల్ మెడలో ట్యాగు లేదు.

“సారూ, జర ట్యాగు చూపెట్టుండ్రి,” అన్నాడు ముసలి సెక్యూరిటీ గార్డు.

“మనిషికి మెడలో పలుపుతాడెందుకండీ? నా ముఖమే నా గుర్తింపు!”

ఆ మాట సగం నతానియేల్‌ది, సగం అతని చంకలో ఉన్న నవల్లో హీరోది.

నలభై ఏళ్లుగా తెలుగువాళ్లు కింద పెట్టకుండా చదువుతున్న నవల అది. పది రోజుల కిందట మొదలుపెట్టాడో లేదో, నోట్లో నాలుక లేని టెస్టింగ్ ఇంజనీరు కాస్తా పులైపోయాడు. సాంబారు పలచగా ఉందని క్యాంటీన్లో గర్జించాడు. ఆలస్యమైనందుకు లిఫ్టునే నిలదీశాడు.

ఇవాళ పన్నెండో అధ్యాయం. అందులో హీరో ఫ్యాక్టరీ మేనేజరు మొహాన రాజీనామా విసిరికొడతాడు. తనకు రేటింగులో అయిదుకి మూడే ఇచ్చిన మేనేజరు మధుకర్ కోసం నతానియేల్ కూడా కాగితం తెచ్చుకున్నాడు.

ఇంట్లో భార్య ప్రిస్కిల్లాకు ఏడో నెల. ఆమెకు చెప్పలేదు. హీరోలు చెప్పరు.

“ఆ కాయితమేంది సారూ?”

“రాజీనామా! ఈ నవల్లో లాగా మొహాన కొట్టి వస్తా!”

గార్డు పుస్తకం అట్ట వైపు చూశాడు.

“అయ్యో, ఆగుండ్రి సారూ. గట్ల ఇసిరికొట్టినంక వానికి రెండేండ్లు పని దొరకలే. పెండ్లాం కూలికి పోయి సాదింది. గది బుక్కుల రాయలే.”

“మీరు చదివారా?”

“నాకు చదువు రాదు సారూ.”

“చదవకుండానే లేని కథ చెబుతున్నారా! భలేవారండీ!”

“ఇంట్ల మీ ఆమెను ఒక్క మాట అడుగుండ్రి. ఇయాల్టికి ఆగుండ్రి. దండం పెడత.”

నిజంగానే చేతులు జోడించాడు.

నతానియేల్‌కు ఒళ్లు మండింది. ఎవరికీ తలవంచని హీరో ఎక్కడ, దారినపోయే వాడికల్లా దండం పెట్టే ఈయనెక్కడ!

జేబులోంచి ట్యాగు తీసి చూపించి లోపలికెళ్లాడు. గార్డు ఉద్యోగుల సొంత విషయాల్లో తలదూరుస్తున్నాడని లిఫ్టులోనే అడ్మిన్‌కు మెయిలు కొట్టాడు.

తరవాత రాజీనామా మధుకర్ మీదికి విసిరాడు. ఏసీ గాలికి అది తిరిగొచ్చి తన కాళ్ల దగ్గరే పడింది.

“కాగితాలు చెల్లవు నతానియేల్. పోర్టల్లో నొక్కు,” అన్నాడు మధుకర్, ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా.

నొక్కాడు. నాలుగు నిమిషాల్లో ఒప్పుకున్నట్టు మెయిలొచ్చింది. నోటీసు రోజులు కూడా అక్కర్లేదట. ఎవరైనా బతిమాలుతారేమోనని ఇంకో గంట కూర్చున్నాడు. ఒక్కరూ రాలేదు.

కిందికి దిగేసరికి పులి పిల్లి అయింది. ప్రిస్కిల్లా నుంచి ఫోను మోగుతోంది. ఎత్తకుండా జేబులో పెట్టుకున్నాడు. ఏం చెప్పాలో ఆ పెద్దాయన్నే అడుగుదామని గేటు దగ్గరికి పరుగెత్తాడు. అక్కడ వేరే గార్డు ఉన్నాడు.

“పొద్దున్న ఉన్న పెద్దాయన ఏరండీ?”

“కిష్టయ్య తాతనా? జీడిమెట్లకు మార్చిండ్రు సార్. ఎవడో మెయిలు కొట్టిండంట.”

నతానియేల్ మెట్ల మీద కూలబడ్డాడు. జన్మలో ముందుమాట చదివి ఎరగనివాడు, వేరే పనేమీ లేక, పుస్తకం మొదటి పేజీ తిప్పాడు.

“ఈ కథ నేను కల్పించింది కాదు. మా పక్కింటి కిష్టయ్య తన బతుకు చెబుతుంటే రాసుకున్నాను. ఉద్యోగం విసిరికొట్టాక భార్య కూలి మీద గడిపిన రెండేళ్లు మాత్రం, హీరో చిన్నబోతాడని, నేనే కొట్టేశాను.”