అరవై గంటలు

టీచింగ్ లైసెన్సు గడువు ఆదివారంతో ముగుస్తుంది. రెన్యూ కావాలంటే అరవై గంటల ఆన్‌లైన్ శిక్షణ పూర్తి చేయాలి. ఇంకా పద్నాలుగు గంటలు మిగిలే ఉన్నాయి.

శుక్రవారం పొద్దున్నే సరిత లాప్‌టాప్ ముందు కూర్చుంది. తెర మీద సూటు వేసుకున్న మనిషి ఒకడు, 'ప్రతి బిడ్డా ఒక పువ్వే' అన్న ముక్కనే అరగంటగా తిప్పి తిప్పి చెబుతున్నాడు.

"అదంతా వింటున్నావా ఏంటి?" సోఫాలోంచి అంది మల్లిక. "సౌండ్ తీసేసి వదిలెయ్. దానంతటదే నడుస్తుంది."

"ఇనకుంటె ప్రశ్నలకు జవాబులెట్ల పెట్టాలక్కా?"

"జవాబులు కూడా మా గ్రూపులో తిరుగుతున్నాయి. డెబ్బై మార్కులొస్తే చాలు. అందరూ చేసేదదే."

సరిత సౌండ్ తీయలేదు.

మహూజ్ అనే పేటలోని ఆ ఫ్లాట్‌లో ఇద్దరూ ఉంటున్నారు. మల్లికది కాకినాడ. ఇక్కడ ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది. సరితది కోరుట్ల. బీఎడ్ చేసి, ఆరేళ్ళు ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతికి పాఠాలు చెప్పింది. కరోనాలో ఆ స్కూలు మూతబడింది. ఊళ్ళో అందరూ 'దుబాయికి పోతుంది' అన్నారు గానీ, ఆమె విమానం దిగింది బహ్రెయిన్‌లో.

మధ్యాహ్నం లైవ్ క్లాసు మొదలైంది. కెమెరాలన్నీ ఆపేసి ఉన్నాయి. నలభై మందిలో ఎంతమంది వింటున్నారో, ఎంతమంది నిద్రపోతున్నారో దేవుడికే తెలియాలి. శిక్షణ ఇచ్చే ఆవిడ తెర మీద ఒక లెక్క చూపించింది. యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసేస్తే ముప్పై అయిదు అని రాసింది ఒక పాప. ఎప్పుడూ ఇలాగే రాస్తుంది. మీరేం చేస్తారు?

"ఇంకో పది లెక్కలు ఇస్తాను," అన్నదొక గొంతు.

"తల్లిదండ్రుల్ని పిలిపిస్తాను," అన్నది ఇంకొకటి.

సరిత మైకు నొక్కింది.

"ఎలా చేశావని పాపనే అడుగుతాను," అంది ఇంగ్లీషులో. "రెండులోంచి ఏడు పోదు కాబట్టి, ఏడులోంచి రెండు తీసేసింది. పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యమని మొదట నేర్పింది మనమే. పాప మన మాట విన్నది. తప్పు మనది."



"మేడమ్, మీకు ఎన్నేళ్ళ అనుభవం?" అడిగింది శిక్షణ ఇచ్చే ఆవిడ.

సరిత నోరు తెరిచేలోపు మల్లిక సోఫాలోంచి లేచి కూర్చుంది. చేతులు రెండూ చాచి పదివేళ్ళు చూపించి, మళ్ళీ ఒక వేలు చూపించింది. "పదకొండని చెప్పు," అంది పెదవులతోనే.

"పదకొండు," అంది సరిత.

ఆ మాట నోట్లోంచి బయటికి రాగానే ఒళ్ళంతా మురికి అంటుకున్నట్టనిపించింది. అవతల ఆవిడ మెచ్చుకుంటూనే ఉంది. ఆ మెప్పు చెవులకు ఎక్కలేదు.

శనివారం ఆఖరి పని. తన బోధనలో తాను నేర్చుకున్న పాఠం గురించి రెండు పేజీల వ్యాసం రాయాలి. మల్లిక ఫోన్లోంచి ఒకటి పంపింది.

"ఇది పెట్టెయ్. పోయినసారి ముగ్గురు ఇదే పెట్టారు. ఎవరూ పట్టుకోలేదు."

"వద్దక్కా. నేనే రాస్త."

"నీకింత ఓపికేంటే బాబూ!" మల్లిక విసుక్కుంది. "ఈ కాగితం టైముకి రాకపోతే స్కూలువాళ్ళు పంపించేస్తారు. అప్పుడు నువ్వూ నేనూ ఒకే ఫ్లైటెక్కాలి. అది గుర్తుపెట్టుకో."

అంతలో మల్లిక ఫోను మోగింది. ఎవరో పిల్ల తల్లి.

"లేదండీ, సున్నానే," అంది మల్లిక గొంతు పెంచి. "మీ అమ్మాయి ప్రాజెక్టు మొత్తం పక్కపిల్లది చూసి దింపేసింది. ఇలాంటివి నేను అస్సలు సహించను. ఇప్పుడే ఇలా ఉంటే రేపు ఏమైపోతుంది?"

సరిత లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. కింద రోడ్డు మీద ఎండ కాస్తోంది. నీళ్ళు తాగి వచ్చి, సాయంత్రం దాకా రాసింది. కోరుట్లలో తన క్లాసులో మాట్లాడని పిల్ల దుర్గవ్వ గురించి రాసింది. ఆ పిల్ల మొదటిసారి చెయ్యెత్తిన రోజు గురించి రాసింది. రాస్తుంటే రెండుసార్లు కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

వ్యాసం పంపగానే చివరి పేజీ తెరుచుకుంది. 'ఈ శిక్షణ మొత్తాన్ని నేనే స్వయంగా పూర్తి చేశానని ప్రమాణం చేస్తున్నాను.' పక్కనే చిన్న గడి.

"అక్కా, గీడ ప్రమాణం చెయ్యమంటున్నరు."

"నొక్కవే. ఎవరొచ్చి చూడబోతారు?"

సరిత ఒక్క నిమిషం కూడా దాటెయ్యలేదు. ఒక్క జవాబు కూడా చూసి పెట్టలేదు. గడి పక్కనున్న వాక్యంలో తన వరకు అబద్ధమేమీ లేదు. అయినా వేలు ముందుకు పోలేదు.

"ఇంకా చూస్తావేంటి?" అంది మల్లిక.

సరిత నొక్కింది. సర్టిఫికెట్ వచ్చేసింది. తొంభై ఎనిమిది మార్కులు.

"తొంభై ఎనిమిదా!" మల్లిక పకపకా నవ్వింది. "అన్నెందుకే? అనుమానం వస్తుంది!"

మల్లిక పేరున్న ఆ సర్టిఫికెట్‌ను ప్రింటుకి పెట్టి, ఆ ఇంట్లో పనిమనిషిగా చేరి ఏడాదిన్నర అయిన సరిత, పొద్దుటి గిన్నెలు తోమడానికి వంటింట్లోకి వెళ్ళింది.