ఒళ్లు దులపని మేకపోతు

మేకపోతు ఒళ్లు దులపలేదు.

వెంకటేశ్ మరో చెంబెడు పసుపు నీళ్లు దాని వీపు మీద కుమ్మరించాడు. అది కళ్లు మూసి తెరిచి, మెడలో కట్టిన వేపమండనే తీరిగ్గా నమలసాగింది.

ఒళ్లు దులిపితే మైసమ్మ ఒప్పుకున్నట్టు, మేకా ఒప్పుకున్నట్టు. దులిపేదాకా కత్తి లేవదు.

వెంకటేశ్ భార్య కరుణ మళ్లీ మళ్లీ దండం పెట్టుకుంది. కూతురు నిహారిక ఆపరేషన్ బల్ల ఎక్కిన రోజు మొక్కుకున్నది ఆమే. "నా బిడ్డ గుండె ఆడితే నీకు యాటనిస్త తల్లీ" అని. మొక్కు చెల్లకపోతే, ఇచ్చిన ప్రాణాన్ని ఆ తల్లి మళ్లీ అడిగితే?

"అది ఒప్పుకుంటలేదు గదమ్మా. ఇడిసిపెట్టున్రి."

అందరూ తిరిగి చూశారు. యాభై ఏళ్ల మనిషి. చెప్పుల నిండా దుమ్ము. మర్రిగూడలో బస్సు దిగి, పత్తి చేల గట్ల మీద నడిచొచ్చినట్టున్నాడు.

"ఎవలన్నా నువ్వు? ఏ జంతువుల సంఘమోనివి?" అన్నాడు వెంకటేశ్.

"ఏ సంఘం లేదు తమ్మీ."

"మరేంది? మేం సతాయించి సంపుతలేం. కొడుకు లెక్క సాకినం. ఒక్కటే ఏటు. దానికి నొప్పి గూడ తెల్వది."

"నాకు గూడ గట్లనే చెప్పిన్రు, నొప్పి తెల్వదని." అతని గొంతు నెమ్మదిగా ఉంది. "తెల్వకుంటే ఏమాయె, పోయేది దాని పానమే గద. మీరే అడిగిన్రు, అది వద్దన్నది. వద్దన్నంక గూడ నీళ్లు పోస్తనే ఉంటే, అడిగినట్టెట్లయితది?"

వెంకటేశ్ తల్లి సైదమ్మ ఫక్కున నవ్వింది.

"యాటకు వకీలు దిగిండురో! ఐతారం నాడు నీ ఇంట్ల పప్పేనా నాయినా?"

గుంపంతా నవ్వింది. అతనూ నవ్వాడు.

"నేనూ తిన్నోన్నే అమ్మా. ఎవలనూ తినొద్దంటలేను. గీ పిల్ల పేరు మీద ఇంకో పానం పోవద్దంటున్న, గంతే."

కరుణ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. శుభమా అని మొక్కు చెల్లిస్తుంటే ఈ అపశకునపు మాటలేమిటి?

అతను నిహారిక దగ్గరకొచ్చి చేయి చాచాడు.

"బిడ్డా, నీ మణికట్టు ఒక్కసారి పట్టుకోనిస్తవా?"

పిల్ల చేయి అందించబోయింది. కరుణ విసురుగా వెనక్కి లాగింది.

"ముట్టకు! డాక్టరు ఎవలనూ తాకనియ్యొద్దన్నడు!"

"వీడియో తీస్తున్నట్టుండు! పోలీసులకు పంపుతడేమో!" గుంపులోంచి ఎవరో అరిచారు.

అతనే జేబులోంచి ఫోన్ తీసి కరుణ చేతిలో పెట్టాడు. "చూసుకో చెల్లె."

సైదమ్మ ఇక ఆగలేదు. మేకపోతు చెవిలో నీళ్లు పోసింది. పాపం, దానికి దులపక తప్పలేదు.

"ఒప్పుకున్నది! తల్లి ఒప్పుకున్నది!"

డప్పు మోగింది. వెంకటేశ్ అతని రెక్క పట్టి గట్టు దాకా నెట్టుకుపోయి వచ్చాడు. కత్తి లేచింది.

కరుణ కళ్లు తెరిచేసరికి అంతా అయిపోయింది. అతను గట్టు మీద లేడు. ఫోన్ ఆమె చేతిలోనే ఉండిపోయింది. తెరిచి వెతికింది. అందులో వీడియో ఏదీ లేదు.

పొయ్యి మీద కూర ఉడుకుతుండగా ఆ ఫోన్ మోగింది.

కరుణ ఎత్తి "హలో" అనేలోపే, అవతల ఒక ఆడమనిషి ఆత్రంగా అందుకుంది.

"ఏమయ్యా, పేపర్ల ఫోటోల సూసిన పిల్లనేనా? నాడి పట్టి సూసినవా? మన శివకృష్ణ గుండె ఆ పిల్ల లోపట మంచిగ కొట్టుకుంటాందా?"