గరిట పట్టిన చెయ్యి

"మంట మీరు చూస్తున్నారనుకున్నాను!"

"గరిట నీ చేతిలో పెట్టుకుని, మంట నేను చూడటమేమిటే?"

మూకుట్లో ఎండుమిరపకాయలు బొగ్గులయ్యాయి. ఆ ఘాటుకు ఇల్లు ఇల్లంతా దగ్గింది. సాయిలక్ష్మి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిటికీ తెరిచింది. చిలకలూరిపేట జిన్నింగు మిల్లులో రిటైరైన దగ్గర్నుంచీ పానకాలు గ్యాసు ఆదా పేరుతో పొయ్యి పక్కన కుర్చీ వేసుకున్నాడు. వేయించడం ఆమె పని, మంట ఎక్కించడం, తగ్గించడం ఆయన పని. ఆయనకు అప్పగించాక ఆమె మంట వైపు చూడటం మానేసింది. ఆయనేమో ఇవాళ పేపర్లో పడ్డాడు.

దగ్గుతూ వచ్చిన శిల్ప గుమ్మంలోనే ఆగిపోయింది.

"అచ్చం ఇదే జరిగిందమ్మా."

"ఎక్కడే?"

"సిమ్యులేటర్ పరీక్షలో."

శిల్ప విమానం పైలట్. కిందటి నెల కంపెనీలో ఏదో పెద్ద బాధ్యత ఇచ్చారని ఫోన్లో చెప్పింది గానీ, జీతం పెరుగుతుందన్న ముక్కొక్కటే సాయిలక్ష్మి చెవిలో నిలిచింది. నిన్న హైదరాబాదు నుంచి దిగినప్పటి నుంచీ పిల్ల మొహంలో కళ లేదు. ఒక కాగితం ముందేసుకుని పెన్ను మూత తీస్తుంది, మళ్ళీ పెడుతుంది.

"విమానాన్ని చేత్తో నడుపుతూ, ఇంజన్ల జోరు మాత్రం మిషన్‌కి వదిలెయ్యొచ్చు," అంది శిల్ప. "వేగం అదే చూసుకుంటుంది. వదలడం తప్పు కాదు. కానీ కన్ను వేగం మీద, చెయ్యి ఆ జోరు పెంచే లీవర్ల మీద ఉండాలి. పరీక్షలో కావాలనే ఆ మిషన్ మొరాయించేలా చేస్తారు. వేగం పడిపోతూనే ఉంది. చెయ్యేమో ఒళ్ళో ఉంది."

"అయ్యో!"

"నిజం విమానం కాదులే అమ్మా, నేల మీదుండే నమూనా. నిజమైతే వెనకాల నూట ఎనభై మంది."

పానకాలు పేపరు మడిచాడు. "పోనీలేవే. ట్రాక్టరు లైసెన్సుకి నేను రెండుసార్లు తప్పలా? ఆ పరీక్ష పెట్టేవాడెవడో చెప్పు, రెండు కేజీల కారం పట్టుకెళ్ళి ఇచ్చొద్దాం."

శిల్ప వచ్చాక మొదటిసారి నవ్వింది. "కారానికి లొంగే మనిషి కాదు నాన్నా."

ఇంతలో ఫోన్ మోగింది. తెర మీద శ్రీకృష్ణగారి పేరు. శిల్పకు విమానం నేర్పిన గురువు. ఈ ఇంట్లో గోంగూర పచ్చడి మారు వడ్డించుకుని తిన్న మనిషి.

"ఎత్తవేంటే? ధైర్యం చెప్పడానికే అయ్యుంటుంది," అంది సాయిలక్ష్మి.

"ఎత్తితే మెత్తబడతాను." శిల్ప ఫోన్‌ని బోర్లా పెట్టేసింది.

సాయిలక్ష్మి కొత్త కాయలు మూకుట్లో వేసింది. పానకాలు చెయ్యి అలవాటుగా పొయ్యి మీదకు పోయింది. ఆమె మోచేత్తో ఒక్కటి పొడిచింది.

"ఆ చెయ్యి తియ్యండి. గరిట పట్టినదాన్ని, మంట కూడా నేనే చూసుకుంటా. మాడితే నన్నే అనండి."

శిల్ప ఆ మాట విని, లోపలికి వెళ్ళి కాగితం తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది.

పచ్చడి ఈసారి ఎర్రగా కుదిరింది. రెండో ముద్ద కలుపుతూ శిల్ప తలెత్తింది.

"నిర్ణయించేశాను. పాసన్న మాట లేదు. మళ్ళీ శిక్షణ, మళ్ళీ పరీక్ష. ఈసారి మిషన్ ఆపేసి, జోరు కూడా సొంత చేత్తోనే."

"అదీ నా కూతురంటే!" అన్నాడు పానకాలు. "తప్పినందుకు సిగ్గుపడాల్సిన పనేం లేదు."

"ఆ మాటే ఇప్పుడు ఫోన్ చేసి చెప్తాను నాన్నా."

చెయ్యి కడుక్కొచ్చి, నిలబడే సంతకం పెట్టింది. సాయిలక్ష్మి కళ్ళజోడు సవరించుకుని కాగితం అందుకుంది.

అభ్యర్థి పేరు శ్రీకృష్ణ, పరీక్షాధికారి పేరు శిల్ప.