ఆదివారం అయిదు నుంచి ఏడు

"సంతకం పెట్టు కెల్విన్! అందరూ పెట్టేశారు, నువ్వొక్కడివే మొరాయిస్తున్నావ్," అంటూ లొరేన్ కాగితాన్ని అతని ముందుకు తోసింది.

ఆదివారం పెద్ద షాపులు ఆరు గంటలకు మించి తెరవకూడదన్న చట్టాన్ని మార్చమని కోరే కాగితం అది. ఆ చట్టం వల్లే ఈ ఆదివారం కూడా షాపు నాలుగింటికే మూసేశారు. లీడ్స్‌లోని ఆ సూపర్ మార్కెట్ సిబ్బంది అంతా సంతకం పెట్టాల్సిందేనని మేనేజర్ ప్రెస్టన్ పట్టు. వారంలో పని గంటలు తగ్గిపోయిన లొరేన్‌కి ఆ ఆదివారం సాయంత్రాల పని కావాలి.

"నేను పెట్టను," అన్నాడు కెల్విన్, హడావిడిగా కోటు తొడుక్కుంటూ.

"ఎందుకు పెడతావ్! నీ పబ్బూ, నీ ఫుట్‌బాలూ ఉంటే చాలు. పక్కవాళ్ళ పొయ్యి వెలక్కపోతే నీకేం?"

కెల్విన్ చేతులు ఆగిపోయాయి.

"నా కూతుర్ని చూడ్డానికి కోర్టు నాకిచ్చింది ఆదివారం అయిదు నుంచి ఏడు దాకా. వారం మొత్తానికీ ఆ రెండు గంటలే, లొరేన్."

"ఈ మాట ప్రెస్టన్‌కి చెప్పావా?"

"చెప్పాను. సర్దుకోమన్నాడు."

అప్పుడే ప్రెస్టన్ తలుపు తోసుకొచ్చాడు. "ఆగు కెల్విన్! సంతకం పెట్టి కదులు."

లొరేన్ కాగితాన్ని చటుక్కున తన వైపు లాక్కుంది. "అతన్ని పోనివ్వండి, బస్సు తప్పిపోతుంది. చట్టం మారితే అతని ఆదివారం సాయంత్రాల పని కూడా నేనే చేస్తాను. ముందు ఆ మాట ఇందులో రాయండి."

"రాయకపోతే?"

లొరేన్ తన సంతకం మీద పెన్ను మొన ఆనించింది.

"రాయకపోతే ఇదీ కొట్టేస్తాను."

కెల్విన్ అప్పటికే మెట్ల మీద పరుగెడుతున్నాడు. ప్రెస్టన్ పెన్ను కోసం చెయ్యి చాచాడు.