గురిపూస మీద ఎర్ర గీత

నా సంతోషం ఏమని చెప్పను! నేను కాదన్న పెళ్లి చేసుకుని, రెండేళ్లుగా మాట్లాడని నా కూతురు నీలిమ నల్లగండ్ల నుంచి ఫోన్ చేసింది.

“నాయనా, నా తుపాకీ గుండు ఎడమకి పోతాంది. ఆదివారం షూటింగ్ రేంజికాడికి వచ్చి రవ్వంత చూస్తావా?”

చూడకుండా ఉంటానా! ముప్పై ఏళ్లు బ్యాంకులో గన్‌మ్యాన్‌గా చేసి, ఇప్పుడు బాచుపల్లి గదిలో టీవీతో మాట్లాడుకునేవాణ్ణి.

ఆదివారం రేంజిలో చూస్తే, తుపాకీ కొసన గురిపూస కుడికి జరిగి ఉంది. జరిగితే తెలియాలని పూసకూ గొట్టానికీ కలిపి గోళ్లరంగుతో గీత గీయడం చిన్నప్పుడు తనకు నేనే నేర్పాను. ఆ ఎర్ర గీత ఇప్పుడు రెండు ముక్కలైంది.

“గుండు ఎటు తప్పితే పూసను అటే జరపాలమ్మా. మరిచిపోతివా?”

“మరిచిపోతి నాయనా,” అంటూ తల వంచుకుంది.

స్క్రూ విప్పబోయాను. గట్టిగా బిగించి ఉంది. పూస తనంతట తాను జరిగేది కాదు. స్క్రూ తల మీద గీతలు నిన్నో మొన్నో పడ్డట్టు మెరుస్తున్నాయి.

బలంగా తిప్పి స్క్రూ వదులు చేశాను. పూసను ఎడమకి జరిపాను. గీత కలిసింది. నీలిమ కాల్చింది. గుండు నడిమధ్యన తగిలింది.

“ఇంగ పోయొస్తా నాయనా.”

“వచ్చే ఆదివారానికి మళ్లీ తప్పుతాదిలేమ్మా,” అన్నాను. “తీసుకురా.”